ఫోర్ ప్రోబ్ ప్రయోగంలో జెర్మేనియం బ్యాండ్ గ్యాప్ తక్కువ వస్తోంది, సాయం చేయండి

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. జెర్మేనియం ముక్క మీద వరుసగా ఆనించిన నాలుగు పిన్నుల్లో (ఇవే ఫోర్ ప్రోబ్) పక్కపక్క పిన్నుల మధ్య దూరం 2 మి.మీ. బయటి రెండు పిన్నుల గుండా 5 మిల్లీఆంపియర్ల స్థిరమైన కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తున్నాను. ఓవెన్‌ను 150 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసి, నెమ్మదిగా చల్లారుతుండగా రీడింగులు తీశాను. బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ బంధం వదిలి కరెంటు మోయడానికి కావలసిన కనీస శక్తి) దాదాపు 0.67 ఎలక్ట్రాన్ వోల్టులు రావాలి, నాకు 0.45 దాటడం లేదు.

పిన్నుల మొనలు స్పిరిట్‌తో తుడిచాను. కరెంటు దిశ మార్చి సగటు తీసుకున్నాను. లెక్కలో (10 ఆధారపు లాగ్‌ను సహజ లాగ్‌గా మార్చే) 2.303 గుణకం కూడా సరిచూశాను. అయినా అంతే.

రెసిస్టివిటీ లాగ్‌కు, 1/T (T అంటే కెల్విన్‌లో ఉష్ణోగ్రత)కు మధ్య గీసిన గ్రాఫ్ వాలు నుంచే బ్యాండ్ గ్యాప్ కడతాం. ఆ గ్రాఫ్ మాత్రం 70 డిగ్రీల కింద దాదాపు బల్లపరుపుగా అయిపోతోంది. నా అసలు అనుమానం అక్కడే: ఆ భాగంలో మలినాల వల్ల వచ్చే క్యారియర్లదే (కరెంటును మోసే కణాలదే) పైచేయి కావచ్చు. ల్యాబ్ మాన్యువల్ మాత్రం అన్ని పాయింట్లూ కలిపి గీత గీయమంటోంది. రికార్డు ఇచ్చే గడువు దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

ఈ ప్రయోగం చేసినవాళ్ళు దయచేసి చెప్పండి: వాలు కట్టడానికి ఏ ఉష్ణోగ్రత నుంచి పై పాయింట్లు మాత్రమే తీసుకోవాలి?