విశ్వవిద్యాలయాల మెంబ్రేన్ పేటెంట్లు: ఒక్క కంపెనీకే రాసివ్వాలా, అడిగినవారందరికీ ఇవ్వాలా?

రాజూరా_జారునీళ్లు

అందరికీ నమస్కారం. రాజూరా తాలూకాలో పదకొండేళ్లుగా తాగునీటి ప్లాంటు నడుపుతున్నాను. గంటకు వెయ్యి లీటర్ల ప్లాంటు, నాలుగంగుళాల మెంబ్రేన్‌లు (నీటిలోని ఉప్పును ఆపే పలచటి పొరలు చుట్టిన గొట్టాలు) నాలుగు. మా బోరులో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) ఎండాకాలం లీటరుకు 1,400 మిల్లీగ్రాములు దాటుతుంది, ఫ్లోరైడు కూడా ప్రమాణాన్ని మించి ఉంది. అందువల్ల ఆర్‌ఓ (ఒత్తిడితో నీటిని పొర గుండా పంపి ఉప్పు తీసే పద్ధతి) తప్ప నాకు మరో దారి కనిపించలేదు.

పోయిన నెల పాడైన మెంబ్రేన్ ఒకదాన్ని పారేయబుద్ధి కాక, పైనున్న ఫైబర్ చుట్టును హ్యాక్సా బ్లేడుతో కోసి విప్పి చూశాను. మధ్య గొట్టం చుట్టూ చుట్టి ఉన్న పొరలను పరిస్తే మా వరండా సగం నిండింది. నీళ్లు లోపలికి వచ్చే కొసన గోధుమరంగు జిగురు పాచి పట్టింది. నీళ్లు బయటికి పోయే కొసన ప్లాస్టిక్ వల కన్నుల నిండా తెల్లగా సున్నం గట్టిపడింది. పాచి పోవాలంటే క్లోరిన్ వేయాలి, కానీ మెంబ్రేన్‌లో ఉప్పును ఆపే పాలీఎమైడ్ పొర క్లోరిన్‌కు తట్టుకోదు. కాబట్టి నీళ్లు మెంబ్రేన్‌కు చేరకముందే కార్బన్ ఫిల్టరుతో క్లోరిన్‌ను మనమే తీసేస్తాం, ఆపైన పాచి దర్జాగా పెరుగుతుంది.

ఈ బాధకు మందు ఉన్నదని ఒక విశ్వవిద్యాలయం వారి ‘లైసెన్సుకు సిద్ధంగా ఉన్న ఆవిష్కరణల’ జాబితాలో చదివాను: క్లోరిన్‌కు తట్టుకునే పాలిమర్ పొర. సంబరంగా ఉత్తరం రాస్తే, దానిని మూడేళ్ల కిందటే ఒక కంపెనీకి ప్రత్యేక లైసెన్సుగా (వేరెవరూ వాడకుండా ఒక్కరికే ఇచ్చే అనుమతిగా) ఇచ్చేశామని జవాబు వచ్చింది. ఆ కంపెనీ ఇంతవరకు బజారులోకి మీటరు పొర కూడా తేలేదు. మరి ప్రజల డబ్బుతో కనిపెట్టినదాన్ని ఒకరి పెట్టెలో పెట్టి తాళం వేయడం న్యాయమేనా? నా మట్టుకు నాకు, ప్రజాధనంతో పుట్టిన మెంబ్రేన్ పేటెంటును ఎవరికీ ప్రత్యేకంగా ఇవ్వకూడదనిపిస్తున్నది. కాదనేవారు కారణాలు చెప్పండి.

బల్లార్షా_కుర్రాడు

అన్నా, మాది బల్లార్షా, నాన్నగారు బొగ్గు గనిలో పనిచేశారు. నేను ప్రస్తుతం హైదరాబాదులో మెంబ్రేన్ మాడ్యూళ్లు కట్టే యూనిట్‌లో ఉన్నాను. మీ కోపం న్యాయమైనదే కానీ మీరు చెప్పిన మందు రోగాన్ని పెంచుతుంది.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాలీఎమైడ్ పొరలో నానో కణాలను కలిపే పద్ధతి ఒకటి కనిపెట్టారు. దాని ఆధారంగా 2005లో నానోహెచ్‌టూఓ అనే చిన్న కంపెనీ మొదలైంది. ప్రత్యేక హక్కు చేతిలో ఉన్నది కాబట్టే పెట్టుబడిదారులు డబ్బు పెట్టారు, కార్ఖానా వచ్చింది, సముద్రపు నీటి ప్లాంట్లకు సరుకు వెళ్లింది. 2014లో ఎల్‌జీ కెమ్ దాన్ని సుమారు 20 కోట్ల డాలర్లకు కొన్నది. అదే పేటెంటును అడిగిన పదిమందికీ ఇచ్చి ఉంటే మొదటి రూపాయి పెట్టేవాడెవడు? పరిశోధనశాలలో అరచేయంత ముక్క పనిచేసిందంటే, అది మీటరు వెడల్పు గుడ్డ మీద కిలోమీటర్ల పొడవున ఒకే తీరుగా రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్ల ఖర్చు మోసినవాడు చివరికి పక్కవాడు కాపీ కొడుతుంటే చూస్తూ కూర్చోవాలా?

పొరల_పంతులు (చంద్రపూర్)

నేను ఇక్కడి కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతాను. మీ ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉన్నది. కాని తగాదా అంతా పేటెంటు చుట్టూనే తిరుగుతున్నందువల్ల అసలు అడ్డు మరుగున పడుతున్నదని నా అనుమానం.

చరిత్ర కొంచెం గుర్తు చేస్తాను. తమ్ముడు చెప్పిన ఆ విశ్వవిద్యాలయంలోనే, అంతకు చాలా ముందు, 1950ల చివర సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజ్ ఎసిటేట్ పొరను తయారుచేశారు. పైన పలచటి బిగువైన చర్మం, దాని కింద స్పాంజిలాంటి మందపు ఆధారం ఉండేట్టు పోతపోయడమే వారు సాధించినది. అంతకుముందు పొరల్లో నీరు చుక్కలుగా వస్తే, దీనిలో ధారగా వచ్చింది. 1964లో పేటెంటు దక్కింది, మరుసటి ఏడు కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న పట్టణంలో ఆ పొరలతో ఊరికి తాగునీరిచ్చే ప్లాంటు నడిచింది. ఈనాడు మీ ప్లాంటులో ఉన్నది మాత్రం ఆ పొర కాదు, జాన్ కాడాట్ అనే అమెరికా పరిశోధకుడు కనిపెట్టిన పొర. పాలిస్టర్ గుడ్డ మీద పాలీసల్ఫోన్ అనే ప్లాస్టిక్, దాని మీద మెటా ఫినిలీన్ డయామైన్ కలిపిన నీళ్లూ, ట్రైమెసాయిల్ క్లోరైడ్ కలిపిన హెక్సేనూ కలుసుకునే గీత దగ్గర క్షణాల్లో ఏర్పడే పాలీఎమైడ్ పొర. దాని మందం 0.2 మైక్రాన్ కంటే తక్కువ. తల వెంట్రుకను కొన్ని వందల పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొర అంత అనుకోండి. మీ బోరు నీటిలోని ఫ్లోరైడును ఆపుతున్నది అదొక్కటే, మిగిలినదంతా దానికి పట్టుకొమ్మ.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కాడాట్ పేటెంటు 1981 నాటిది. గడువు తీరి దశాబ్దాలైంది. రసాయనాల పేర్లు, పాళ్లు పేటెంటు పత్రంలోనే ఉన్నాయి, ఎవరైనా వాడుకోవచ్చు, పైసా కట్టనక్కరలేదు. అయినా రాజూరాలో మీరు కొంటున్న మెంబ్రేన్ ఎక్కడి నుంచి వస్తున్నది? తాళం తీసి ఉన్న తలుపు లోపలికే మనం వెళ్లలేకపోయాము, ఇక తాళం వేసిన తలుపును తిట్టి ఏం లాభం? గుడ్డను ద్రావణపు తొట్టిలోకి దించే వేగం, గదిలో తేమ, ద్రావణంలో చేరిన ఒక్క గాలిబుడగ, ఇవి పేటెంటులో రాయరు, చేతికి అలవాటై రావలసినవి. లైసెన్సు ఇచ్చేవారు ఈ చేతిపనిని కూడా ఇవ్వకపోతే మనకు అందేది సంతకాలున్న కాగితమే.

మరొక సంగతి కూడా ఈ చర్చకు సరిగ్గా తగులుతుంది. కాడాట్ ఈ పొరను కనిపెట్టినప్పుడు అతను పనిచేసిన పరిశోధనా సంస్థకు అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం ఉండేది. తరువాత అతను ఫిల్మ్‌టెక్ కంపెనీ స్థాపించినవారిలో ఒకడయ్యాడు, పేటెంటు ఆ కంపెనీ పేరు మీదికి వెళ్లింది. ఆ కంపెనీ పోటీదారు హైడ్రనాటిక్స్ మీద దావా వేస్తే, 1992లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అసలు హక్కు ప్రభుత్వానిదేనని తేల్చింది. ప్రజాధనమన్న మాట ఒట్టి నినాదం కాదు, కోర్టులో నిలబడిన వాదం కూడా.

కిన్వట్_వకీలు

పంతులుగారు చెప్పిన తీర్పు గొప్పదే, కాని అది వారి దేశపు ప్రత్యేక చట్టం మీద, ఆ ఒప్పందం మీద నిలబడింది. 1980లో వచ్చిన బే-డోల్ చట్టం ఆ దేశంలో ప్రభుత్వ డబ్బుతో చేసిన ఆవిష్కరణల మీద విశ్వవిద్యాలయాలే హక్కు ఉంచుకునే వీలు కల్పించింది. మన దేశంలో అటువంటి బిల్లు 2008లో రాజ్యసభకు వచ్చింది, చట్టం కాలేదు. అందువల్ల ఇక్కడ ఏ సంస్థ నియమం దానిదే.

రాజూరా అన్నగారికి చట్టం మాట చెబుతాను, ఇది కొంచెం ఓపికగా చదవండి. మొదటిది, పేటెంటుకు ఎల్లలు ఉంటాయి. విదేశీ విశ్వవిద్యాలయం తన దేశంలో మాత్రమే పేటెంటు తీసుకుని, భారతదేశంలో దరఖాస్తు పెట్టకపోతే, ఆ పద్ధతిలో ఇక్కడ తయారుచేసి ఇక్కడే అమ్ముకోవడానికి ఎవరి లైసెన్సూ అక్కరలేదు. అంతర్జాతీయ దరఖాస్తు వేసినవారు భారతదేశంలోకి రావాలంటే మొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల్లోగా రావాలి. ఆ గడువు దాటిందా, వచ్చారా లేదా అన్నది మన పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. మీరు ఉత్తరం రాసేముందు ఇది చూశారా?

రెండవది, ఇక్కడ పేటెంటు ఉన్నదే అనుకుందాం. దానిని దేశంలో వాడుతున్నారో లేదో యజమాని, లైసెన్సుదారు ఫారం 27లో చెప్పాలి. పూర్వం ఏటా ఇచ్చేవారు, 2024 నిబంధనల తరువాత మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి ఇస్తున్నారు. పేటెంటు మంజూరై మూడేళ్లు దాటాక, ప్రజల అవసరం తీరకపోయినా, అందుబాటు ధరకు దొరకకపోయినా, దేశంలో అసలు వాడకపోయినా మన పేటెంట్ల చట్టం సెక్షన్ 84 కింద తప్పనిసరి లైసెన్సు (యజమాని ఒప్పుకోకపోయినా ఇప్పించే అనుమతి) అడగవచ్చు. అయితే ముందు యజమానిని మర్యాదగా అడిగి, సాధారణంగా ఆరు నెలలు వేచి చూడాలి. మన హైదరాబాదు నాట్కో కంపెనీ 2012లో కిడ్నీ, కాలేయ క్యాన్సర్ మందుకు ఈ దారిలోనే లైసెన్సు సంపాదించింది. నెలకు 2.8 లక్షల రూపాయల మందు 8,880 రూపాయలకు దిగింది. ఆ తరువాత అటువంటిది మరొకటి మంజూరు కాలేదన్నది కూడా చెప్పాలి, కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోమని నా కక్షిదారులెవరికీ నేను సలహా ఇవ్వను.

ప్రత్యేక లైసెన్సు ఇవ్వడం తప్పని నేననను. గడువు లేకుండా ఇవ్వడం తప్పంటాను. రెండేళ్లలో పైలట్ లైను (ప్రయోగాత్మకంగా చిన్న ఎత్తున తయారీ), నాలుగేళ్లలో అమ్మకం, లేకుంటే హక్కు వెనక్కి వస్తుందన్న షరతు ఒక్కటి రాసి ఉంటే ఈ చర్చే పుట్టేది కాదు. నేను చూసిన ఒక ముసాయిదాలో మాత్రం మరొక షరతు ఉన్నది: లైసెన్సు తీసుకున్నవాడు పొరకు ఏ మెరుగు దిద్దినా అది ప్రత్యేకంగా విశ్వవిద్యాలయానికే చెందాలట. సెక్షన్ 140 ప్రకారం అటువంటి షరతు చెల్లదు. సంతకం పెట్టబోయే చిన్న యజమానికి ఆ విషయం చెప్పేవారెవరు?

ప్రాణహిత_ఒడ్డు (సిరోంచా)

మీరంతా పెద్ద చదువులు చదివినవారు, నేను పంచాయతీలో ఒక విడత సభ్యుణ్ణి మాత్రమే. మా వైపు ఒక పల్లెలో ఫ్లోరైడు ఉన్నదని చెప్పి అల్ట్రాఫిల్ట్రేషన్ (ఆర్‌ఓ కన్నా పెద్ద కన్నాలున్న పొరతో వడకట్టే) యంత్రం బిగించి వెళ్లారు. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వంటి సంస్థలు పాలీసల్ఫోన్ అల్ట్రాఫిల్ట్రేషన్ పొరల పద్ధతిని చాలామందికి పంచి ఇచ్చాయి, మంచిదే, సూక్ష్మజీవులకూ బురదకూ అది బ్రహ్మాండమైనది. కాని కరిగిన ఫ్లోరైడు ఆ కన్నాల్లోంచి సాఫీగా జారిపోతుందని బిగించినవారు చెప్పలేదు, మాకూ తెలియదు. ఏడాదిన్నర తాగాము. అందరికీ లైసెన్సు ఇస్తే మేలు జరుగుతుందనేవారు దీనికేమంటారు? ఎవరు తయారుచేశారన్నదాని కన్నా, ఏ నీటికి ఏ పొర అన్నది చెప్పి, పైసలు తీసుకున్నాక మళ్లీ వచ్చి చూసేవాడు ముఖ్యం.

బల్లార్షా_కుర్రాడు

బాబాయ్, మీ మాటతో నేను ఒప్పుకుంటాను, కాని అది నా వాదనకే బలం. ఒక్కడికే హక్కు ఉంటే పేరు చెడుతుందన్న భయమూ ఒక్కడికే ఉంటుంది. పదిమందికి ఇస్తే ఎవరి పొర, ఎవరి తప్పు అన్నది తేలదు. వకీలుగారు చెప్పిన గడువు షరతు మాత్రం నాకు సమ్మతమే. మా యూనిట్‌లో కూడా ఒక లైసెన్సు అలాగే రాసుకున్నారు, ఆ గడువే మమ్మల్ని పరిగెత్తించింది.

రాజూరా_జారునీళ్లు

తమ్ముడూ, పేరు చెడుతుందన్న భయం బజారులోకి వచ్చినవాడికి ఉంటుంది. బజారులోకే రాకుండా కూర్చున్నవాడికి పోయే పేరేముంది? ఇక్కడే నీ లెక్క నాకు కుదరడం లేదు.

వకీలుగారూ, మీరడిగినట్లు రాత్రి కూర్చుని మా మేనల్లుడి సాయంతో వెతికాను. ఆ క్లోరిన్ పొరకు అంతర్జాతీయ దరఖాస్తు ఉన్నది, భారతదేశంలో దరఖాస్తు కనిపించలేదు, 31 నెలలూ దాటిపోయాయి. అంటే ఇక్కడ చేసుకోవడానికి నాకు అడ్డం లేదన్నమాట. మొదట ఎగిరి గంతేశాను, తరువాత పంతులుగారి మాట గుర్తొచ్చింది: చేతిపని నాకెక్కడిది?

కిన్వట్_వకీలు

ఒక్క జాగ్రత్త. పేరు మార్చి, మరొక విభాగం కింద భారతీయ దరఖాస్తు పెట్టి ఉండవచ్చు. ఆవిష్కర్తల పేర్లతోనూ వెతకండి, అంతర్జాతీయ దరఖాస్తు సంఖ్యతోనూ వెతకండి. రెండింటిలోనూ లేకపోతేనే ముందుకు అడుగు వేయండి. ఎలాగూ ప్రయోగం కోసం మాత్రమే చేసి చూడటానికి సెక్షన్ 47 అడ్డు చెప్పదు.

పొరల_పంతులు (చంద్రపూర్)

అయితే ప్రయోగంతోనే మొదలుపెడదాం. మా కళాశాలలో అరచేయంత ముక్కను పరీక్షించే చిన్న సెల్ ఒకటి ఉన్నది, పంపు పాతది, పది బార్ ఒత్తిడి దాకా లాగుతుంది. మీరు విప్పిన పాత మెంబ్రేన్‌లో పాచి పట్టని చోటు నుంచి జానెడు ముక్క కోసి, ఎండనివ్వకుండా తడి గుడ్డలో చుట్టి తీసుకురండి. కొత్తది ఒకటి, మీ బోరు నీళ్లు రెండు జారులు. నీళ్లు తేర్చకండి, ఫిల్టరు చేయకండి, బోరు నుంచి వచ్చినట్లే కావాలి. పాలీసల్ఫోన్ ఆధారం వరకు నేను పిల్లలతో పోతపోయించగలను. పై పొర పేటెంటులో చెప్పినట్లు వస్తుందో రాదో చూద్దాం, మొదటి పది ముక్కలూ చిల్లులు పడతాయని మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. సిరోంచా అన్నగారు కూడా ఆ పల్లె నీళ్లు ఒక జారు పంపితే ఫ్లోరైడు ఎంత దాటుతున్నదో అదే రోజు కొలిచి ఇక్కడ రాస్తాను.

ప్రాణహిత_ఒడ్డు (సిరోంచా)

గురువారం మా ఊరి నుంచి చంద్రపూర్‌కు బస్సులో మా చిన్నవాడు వస్తున్నాడు. జారు వాడితో పంపిస్తాను, మూత మీద ఊరి పేరు, తేదీ రాసి ఉంటుంది.