శుక్రవారం పిల్లలతో పబ్లిక్ గార్డెన్స్‌కి వెళ్లొచ్చా? మమ్మీ చూడాలట!

గోదారి కోడలు:
హైదరాబాద్ వాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి ప్లీజ్. పెళ్లికని వచ్చి కూకట్‌పల్లిలో మా ఆడపడుచు వాళ్లింట్లో ఉన్నాం, శుక్రవారం సాయంత్రం నాంపల్లిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాజమండ్రి వెళ్లిపోవాలి. పొద్దున్నుంచి ఖాళీయే. పాపకి ఏడేళ్లు, స్కూల్లో ఎవరో ఈజిప్టు మమ్మీ గురించి చెప్పారట, చూడాల్సిందేనని ఒకటే గోల. బాబుకి మూడు, వాడికి పరిగెత్తడానికి చోటుంటే చాలు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మాల్స్ అంటే ఆవిడకి విసుగు. గార్డెన్స్ స్టేషన్‌కి దగ్గరే అంటున్నారు కదా, సగం రోజు గడుస్తుందా? మా వారేమో ఆ పాత పార్కులో ఏముంది, ట్యాంక్‌బండ్ పోదాం అంటున్నారు.

రెడ్‌హిల్స్ పోరడు:
అక్కా, ముందు ఒక మాట. శుక్రవారం గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియం బంద్. మమ్మీ ఉండేది అందులోనే. సాలార్‌జంగ్ మ్యూజియంకి పోదామన్నా దానికీ శుక్రవారమే సెలవు. ఇంకోటి, గార్డెన్స్ లోపలే షాహీ మసీదు ఉంది, జుమ్మా నమాజుకి జనం బాగా వస్తారు, ఆ టైంలో గేటు దగ్గర బండ్లు కదలవు. ఆటోలో పెద్దావిడని కూర్చోబెట్టుకుని అక్కడ ఇరుక్కోవద్దు. ప్రయాణం శనివారానికి మార్చుకునే వీలుంటే మార్చుకోండి. లేదంటే శుక్రవారం పొద్దున్నే వచ్చి ఎండ ఎక్కకముందే తిరిగి బయటపడండి, మమ్మీ సంగతి పాపకి ముందే చెప్పేయండి, అక్కడికొచ్చాక తాళం చూసి ఏడిస్తే మీకే టెన్షన్.

పాతబస్తీ చరిత్ర పిచ్చి:
పాత పార్కులో ఏముంది అని అడిగిన బావగారికి ఇది చదివి వినిపించండి. దాని పాత పేరు బాగే ఆమ్. ఊళ్లో జూ మొదట ఉన్నది ఇక్కడే, 1963లో నెహ్రూ జూ తెరిచినప్పుడు జంతువులు అటు వెళ్లాయి. 2024లో 125 ఏళ్ల వయసులో చనిపోయిన గాలపాగోస్ తాబేలు గురించి పేపర్లలో వచ్చింది చూడండి, అదీ ఇక్కడి నుంచి వెళ్లిందే. ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ కూడా 1938లో మొదలైంది ఈ తోటలోనే, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి తర్వాత మారింది. తెల్ల గుమ్మటాలతో కనిపించే పాత అసెంబ్లీ భవనం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా టౌన్‌హాల్ అని మొదలుపెట్టి 1913కి పూర్తి చేసింది, లోపలికి మనల్ని రానివ్వరు, బయట నుంచి చూడటమే. జూబ్లీహాల్ కూడా ఇక్కడే, ఏడో నిజాం రజతోత్సవం 1937లో జరిగింది అందులోనే.

ఇక మమ్మీ. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో కొని తెచ్చి ఏడో నిజాంకి ఇస్తే ఆయన మ్యూజియానికి ఇచ్చేశారు. నైషూ అనే రాచపిల్లది అంటారు. గాజు పెట్టెలో పడుకోబెట్టి ఉంటుంది, మనం అనుకున్నదానికంటే చిన్న మనిషి. పిల్లలు పెట్టె చుట్టూ తిరిగి "ఊపిరి తీస్తుందా?" అని అడుగుతారు, పెద్దవాళ్లేమో రెండు నిమిషాలు చూసి సెల్ తీస్తారు. నన్నడిగితే అసలు చూడాల్సింది అజంతా బొమ్మల నకళ్లు ఉన్న గది. దాన్ని దాటేసి పోకండి.

ఇద్దరు పిల్లల తండ్రి:
పైన అన్నయ్యగారి చరిత్ర బాగుంది గానీ మూడేళ్లవాడికి నిజాం అక్కర్లేదు. నిజం చెప్పాలంటే అక్కడ పిల్లలకి ఆటవస్తువులు అంతంతమాత్రమే. బాలభవన్ ఉంది కదా అనుకునేరు, అది సంగీతం, డాన్సు, బొమ్మలు నేర్పే చోటు, అప్పటికప్పుడు వెళ్లి ఆడుకునేది కాదు. పడవ ఎక్కాలి, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి విగ్రహం దాకా వెళ్లాలి అంటే లుంబినీ పార్కే. కాకపోతే అక్కడ టికెట్టు, పడవకి వేరే టికెట్టు, ఐస్‌క్రీమ్, బుడగలు... గంటలో పర్సు ఖాళీ. గార్డెన్స్‌లో మా వాడు రాలిన ఆకులు ఏరి బెంచీ మీద దుకాణం పెట్టి నాకే అమ్మాడు, ఆకు పది రూపాయలు! పెద్దావిడ ఉన్నారు కాబట్టి నా ఓటూ గార్డెన్స్‌కే. చెట్ల నీడ ఉంది, కూర్చోవడానికి బెంచీలు ఉన్నాయి. ఓడోమాస్ మర్చిపోకండి, నీళ్ల దగ్గర దోమలు వాయిస్తాయి.

గోదారి కోడలు:
అమ్మో, శుక్రవారం సెలవని ఒక్కరూ చెప్పలేదండీ మాకు! మా వారు ఇప్పుడే చూశారు, శనివారం గోదావరికి సీట్లున్నాయి, మార్చేస్తున్నాం. ఆడపడుచు ఇంకో రోజు ఉంటారా అని తెగ సంబరపడుతోంది. రెండు సందేహాలు. కారులో దింపుతానంటున్నారు తమ్ముడుగారు, మెట్రో మేలా? లగేజీ ఏం చేయాలి?

రెడ్‌హిల్స్ పోరడు:
మెట్రోనే అక్కా. కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ పోయే బండి ఎక్కితే మారే పని లేదు, అసెంబ్లీ స్టేషన్‌లో దిగండి, లిఫ్ట్ ఉంటది, అత్తమ్మ మెట్లెక్కే పని లేదు. అసెంబ్లీ సమావేశాలు నడుస్తున్నయేమో ఒకసారి పేపర్ చూడండి, ఆ రోజుల్లో పోలీసు బందోబస్తు ఎక్కువ, నడిచే దారులు కూడా తిప్పుతారు. మ్యూజియం తెరిచేది పదిన్నరకి, అందాక తోటలో తిరగండి, ఎండ మండేటప్పటికి లోపల ఉంటారు. తర్వాత లక్డీకాపూల్ వైపు భోజనం, ఓపిక ఉంటే నిలోఫర్ కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్. లగేజీతో మాత్రం గార్డెన్స్‌కి రాకండి. బావగారిని ఒక్కరినే ముందు నాంపల్లి స్టేషన్‌కి పంపి క్లోక్ రూమ్‌లో పెట్టించండి, టికెట్ చూపించమంటారు, తాళం వేయని బ్యాగులు తీసుకోరు. పెళ్లి స్వీట్ల అట్టపెట్టెలు ఉంటే అవి చేతిలోనే మోయాలి మరి.