ఇయాన్ స్మిత్ పాలనే నయమా?

ప్రశ్న:
రొడీషియా (నేటి జింబాబ్వే) ప్రధాని ఇయాన్ స్మిత్ గురించి చదువుతున్నాను. యుద్ధవీరుడు, ఆడంబరం లేని మనిషి. తర్వాత పాలకుడైన ముగాబే చేతిలో జింబాబ్వే ఎంత చితికిపోయిందో చూశాం. మరి స్మిత్ పాలనే నయమంటే తప్పేమిటి?

జవాబు:
కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పాను. ఏటా ఎవరో ఒకరు ఇదే అడిగేవారు.

ఆయన ధైర్యాన్ని నేనెన్నడూ తక్కువ చేయలేదు. 1943లో ఈజిప్టులో విమానం కూలి ముఖం ఛిద్రమైంది. శస్త్రచికిత్స చేయించుకుని మళ్లీ యుద్ధానికే వెళ్లాడు. ముఖంలో ఒక పక్క మాత్రం జీవితాంతం బిగుసుకుపోయే ఉంది. మరుసటి ఏడాది ఇటలీలో ఆయన విమానాన్ని కూల్చేస్తే, ఫాసిస్టులతో పోరాడుతున్న తిరుగుబాటుదారులు నెలల తరబడి తమతో ఉంచుకుని కాపాడారు.

నాకు మింగుడుపడనిది అదే. వాళ్ల తిండి తిని బతికిన మనిషి, తన దేశంలో ఓటు హక్కు అడిగిన నాయకులను ఏళ్ల తరబడి నిర్బంధించాడు. ముగాబే పదేళ్లు లోపలే ఉన్నాడు. 1966లో ఆయన కొడుకు ఘనాలో మలేరియాతో పోయాడు. మూడేళ్ల పిల్లవాడు. అంత్యక్రియలకు తండ్రిని వెళ్లనివ్వలేదు.

ఓటర్ల జాబితాలు రెండు. 65 సీట్లలో 50 సీట్లను తేల్చే జాబితాలో చేరాలంటే ఆస్తి, ఆదాయం, చదువు ఉండాలి. చట్టంలో రంగు మాట లేదు, ఆ అవసరమూ లేదు; ఆ అర్హతలు ఎక్కువగా శ్వేతజాతివారికే ఉండేవి. 1965 ఎన్నికల్లో స్మిత్ పార్టీ ఆ 50 సీట్లూ గెలిచింది. ఆ నవంబరు 11న బ్రిటన్‌ను ధిక్కరించి స్వాతంత్ర్యం ప్రకటించాడు. సంతకం చేస్తున్న ఫొటో చూడండి, వెనుక గోడకు బ్రిటన్ రాణి చిత్రపటం!

మళ్లీ ప్రశ్న అడిగినవారు:
పిల్లవాడి సంగతి నాకు తెలియదు మాస్టారూ. కానీ అప్పట్లో పంటలు బాగా పండేవి కదా?

జవాబు:
పండేవి. ఎవరి పొలంలో అన్నది అడగాలి బాబూ. 1969 చట్టం శ్వేతజాతికి సుమారు 4.5 కోట్ల ఎకరాలు, ఆఫ్రికన్లకు అంతే కేటాయించింది. శ్వేతజాతివారు 2.3 లక్షల మంది, ఆఫ్రికన్లు 48 లక్షల మంది. ముగాబే పాపాలు ముగాబేవే. వాటిని స్మిత్ ఖాతాలో పుణ్యంగా జమకట్టలేను.

మరొకరు:
1976 రేడియో ప్రసంగం కూడా చెప్పండి. అధిక సంఖ్యాకుల పాలన వెయ్యేళ్లకైనా తనకు సమ్మతం కాదన్నాడు. నాలుగేళ్లకే, 1980 ఏప్రిల్ 18న, అది వచ్చింది. ఆ తర్వాత కూడా ఆయన రాజధాని హరారేలోనే ఉన్నాడు, శ్వేతజాతికి కేటాయించిన 20 సీట్లలో ఒకదాని నుంచి పార్లమెంటులో కూర్చున్నాడు. ఎవరూ ఆయనను జైల్లో పెట్టలేదు.