గ్రాంట్‌చెస్టర్ పేరులో రోమన్ల కోట ఉందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేం కేంబ్రిడ్జ్‌లో ఉంటాం. దగ్గర్లోని ఏదైనా ఊరి పేరు ఎలా వచ్చిందో రాసుకురమ్మని మా అబ్బాయికి స్కూల్లో చెప్పారు. వాడు గ్రాంట్‌చెస్టర్ ఎంచుకుని, మాంచెస్టర్‌లో లాగే ఇక్కడా 'చెస్టర్' అంటే రోమన్ల కోటేనని రాసేశాడు. పాత చరిత్రలో 'గ్రాంటకేస్టిర్' అని కూడా ఉందట. సరైనదేనా? సోమవారం ఇచ్చెయ్యాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అలాగే ఇవ్వనివ్వకండి. ఇప్పటి పేరు చూసి అర్థం చెబితే ఇక్కడ దారి తప్పుతాం. 1086లో ఇంగ్లండ్ రాజు చేయించిన భూముల లెక్క, అంటే డూమ్స్‌డే సర్వేలో ఈ ఊరు 'గ్రాంటెసేట'. చెస్టర్ జాడే లేదు! పాత ఇంగ్లిష్‌లో 'సేటె' అంటే స్థిరపడ్డ జనం. గ్రాంటా ఏటి దగ్గర స్థిరపడ్డవాళ్లన్నమాట. సోమర్‌సెట్, డోర్సెట్ పేర్ల చివర ఉన్నదీ ఇదే. తర్వాతి కాలంలో ఆ తోక కాస్తా అందరికీ అలవాటైన చెస్టర్‌గా మారిపోయింది.

గ్రాంటకేస్టిర్ వేరే కథ, చాలా బాగుంటుంది. అది 731లో బీడ్ అనే సన్యాసి ముగించిన చరిత్రలోది. ఒకప్పటి రాణి ఎథెల్‌డ్రెడా అవశేషాలు ఉంచడానికి రాయి కావాలని 695లో ఈలీ మఠంవాళ్లు పడవలో బయల్దేరారు. పాడుబడ్డ ఒక చిన్న పట్టణం గోడల పక్కన వాళ్లకు తెల్ల చలువరాతి శవపేటిక దొరికింది, మూతతో సహా. ఆ పట్టణం మీరుంటున్న కేంబ్రిడ్జే. అక్కడ నిజంగానే రోమన్ల పట్టణం ఉండేది కాబట్టి ఆ పేరులో 'కేస్టిర్' (చెస్టర్‌కు పాత రూపం) సరైనదే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. మరి ఏటి పేరు కామ్ కదా, ఈ గ్రాంటా ఏంటి?

జవాబు:
అసలు పేరు గ్రాంటాయేనండీ. డూమ్స్‌డేలో మీ పట్టణం 'గ్రెంటెబ్రిజె', అంటే గ్రాంటా మీది వంతెన. ఇంగ్లండ్‌ను గెలిచిన ఫ్రెంచ్ మాట్లాడే నార్మన్ల ఉచ్చారణలో 'గ్రాంట్' 'కాంట్' అయి, ఆనక 'కామ్' అయింది. పట్టణం కేంబ్రిడ్జ్ అయ్యాక, కింద పారేది కామ్ అయ్యుంటుందని ఏటికి ఆ పేరు పెట్టారు. పై పాయను ఇప్పటికీ గ్రాంటా అనే అంటారు. బాబును ఇది తప్పకుండా రాయమనండి.

మరొకరు:
నాటింగ్‌హామ్ యూనివర్సిటీవాళ్ల ఇంగ్లండ్ ఊరిపేర్ల వెబ్‌సైట్‌లో ఏ ఊరిదైనా అర్థం వెతుక్కోవచ్చు. బాబు ప్రతి స్పెల్లింగ్ పక్కన దాని సంవత్సరం వేయాలి. రాసింది చెవిన పడ్డట్టు రాసుకున్న గుమాస్తాలు కాబట్టి, ఒక్క స్పెల్లింగ్‌నే పట్టుకోకుండా దొరికినవన్నీ వరసగా పెట్టి చూడమనండి.