యూఎంఎల్ నేర్చుకోవడం దండగా? రొయ్యల చెరువు యాప్ మీద చర్చ

పాలకొల్లు థర్డ్ ఇయర్:
ఆయ్ నమస్తే అండి అందరికీ. మాకు ఈ సెమ్‌లో ఓఓఏడీ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అనాలిసిస్ అండ్ డిజైన్) సబ్జెక్టు, దాంతోపాటు యూఎంఎల్ ల్యాబ్ ఉన్నాయండి, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగాలుండాలో కోడ్ రాయకముందే ఆలోచించడం, దాన్ని యూఎంఎల్ అనే స్టాండర్డ్ గుర్తులతో బొమ్మలుగా గీయడం. రికార్డులో ఏటీఎం, లైబ్రరీ, రైల్వే రిజర్వేషన్ ఇవే, అందరూ సీనియర్ల రికార్డు చూసి దించేస్తున్నారు. హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్న మా బావేమో అదంతా దండగ, ఆ టైమ్‌లో జావా, స్ప్రింగ్ బూట్ నేర్చుకో అంటున్నాడు, మా మేడం గారేమో డిజైన్ రాకుండా రాసిన కోడ్ నిలబడదంటున్నారు. నేను మినీ ప్రాజెక్టుకి మా నాన్నగారి రొయ్యల చెరువుల లెక్కలు చూసుకునే యాప్ చేద్దామనుకుంటున్నా. ముందు బొమ్మలు గీసుకోవాలా, డైరెక్టుగా కోడ్‌లోకి దిగిపోవచ్చా? ఫీల్డ్‌లో ఉన్నోళ్ళు చెప్పండి ప్లీజ్.

గచ్చిబౌలిలో భీమవరం:
తమ్ముడూ, మీ బావ మాటే విను. 2013లో మరియన్ పెట్రే అనే ఆవిడ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే 50 మందిని ఇంటర్వ్యూ చేస్తే 35 మంది మేం యూఎంఎల్ అసలు వాడం అన్నారు, మిగిలినోళ్ళలో కూడా ఎక్కువమంది కావాల్సిన ముక్క వాడుకుని వదిలేసేవాళ్ళే. 14 రకాల డయాగ్రమ్‌లు ఉన్నాయి ఆ స్టాండర్డ్‌లో, అన్నీ బట్టీ పట్టి ఏం చేస్తావ్? కోడ్ వారం వారం మారిపోతుంటుంది, బొమ్మని ఎవరూ మార్చరు, రెండు నెలలయ్యాక ఆ బొమ్మ చూసి కొత్తగా చేరినోడు తప్పుదారి పడతాడు. కోడ్ రాయి, విరగ్గొట్టు, మళ్ళీ రాయి, డిజైన్ అదే వస్తుంది.

ఉండి కాలవగట్టు:
భీమవరం బ్రదర్ చెప్పిన లెక్క నిజమే, కాదనను. కానీ ఆ లెక్క గీతల గురించి. ఆ గీతలకి ముందు చేసే ఆలోచన ఉంది చూశారా, విశ్లేషణ, అది మానేస్తే ఏమవుతుందో ఈ తమ్ముడి యాప్ మీదే చెప్తా, నేను ఆక్వా వాళ్ళకి సాఫ్ట్‌వేర్ రాసే పనిలోనే ఉన్నా కాబట్టి.

డైరెక్టుగా కోడ్‌లోకి దిగినోళ్ళు రాసే మొదటి క్లాస్ (ఒక రకం వస్తువు వివరాలూ, అది చేసే పనులూ ఒకచోట పెట్టే అచ్చు) ‘చెరువు’. అందులో ఎకరాలు, సీడ్ వదిలిన తేదీ, ఎన్ని లక్షల పిల్ల, ఇవాళ్టి మేత, కౌంటు, పట్టుబడి తేదీ అన్నీ పడేస్తారు. మొదటి పంట వరకు యాప్ బ్రహ్మాండంగా నడుస్తుంది. మూడు నాలుగు నెలలకి పట్టుబడి అయిపోయి, చెరువు ఎండగట్టి, సున్నం జల్లి, మళ్ళీ సీడ్ వదిలారనుకోండి, కొత్త తేదీ ఎక్కడ రాయాలి? పాతదాని మీద రాస్తే పోయిన పంట లెక్క మొత్తం పోయింది. ఎకరాలు చెరువువి, సీడూ మేతా పట్టుబడీ పంటవి. చెరువు వేరు, పంట వేరు. ఇది మీ నాన్నగారికి పుట్టుకతో తెలిసిన విషయం తమ్ముడూ, ఆయన ‘పోయిన పంటలో దెబ్బతిన్నాం’ అంటారు గానీ ‘పోయిన చెరువులో’ అనరు కదా. ఆయన మాట్లాడుతుంటే పక్కన కూర్చుని ఆయన నోట్లోంచి వచ్చే పేర్లు రాసుకుంటే సగం క్లాసులు అక్కడే దొరుకుతాయి.

ఇంకోటి, ఇది ఇంకా ముఖ్యం. పుస్తకంలో ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ కింద దాని రకాలుగా వేరే క్లాసులు పెట్టడం) చదివిన ఉత్సాహంలో ‘మనిషి’ అని పెట్టి దాని కింద ‘భూమి రైతు’, ‘లీజు రైతు’ అని రెండు క్లాసులు పెట్టేస్తారు. మన ఊళ్ళల్లో ఒకే మనిషి రెండెకరాలు సొంతం, పక్కన నాలుగెకరాలు లీజుకి, ఇంకో ఊళ్ళో ఉన్న ముక్క వేరేవాళ్ళకి లీజుకిచ్చి ఉంటాడు. ఆయన ఏ క్లాసు? సొంతదారు, లీజుదారు అనేది మనిషి రకం కాదు, ఒక చెరువుతో ఒక కాలానికి ఆ మనిషికున్న సంబంధం. అంటే ‘లీజు’ అనేదే ఒక క్లాస్, దానికి మొదలు తేదీ, ముగింపు తేదీ, ఎకరానికి ఎంత అన్నది ఉంటాయి.

అసలు ఆబ్జెక్టుల (క్లాస్ అచ్చులోంచి వచ్చే ఒక్కో వస్తువు) ఆలోచన పుట్టిందే ఇలా. 1960ల్లో నార్వేలో ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాష చేసింది బయట నడిచే వ్యవహారాన్ని ప్రోగ్రాంలో నడిపించి చూడ్డానికే. యూఎంఎల్ స్టాండర్డ్ అయ్యింది 1997లో, బూచ్, రంబా, జాకబ్సన్ అనే సాఫ్ట్‌వేర్ డిజైన్ నిపుణులు ముగ్గురూ ఎవరి గీతలు వాళ్ళవి గీసుకునేది మానేసి ఒకటి చేశాక. ఆలోచన ముందు, బొమ్మ తర్వాత. మన ల్యాబుల్లో బొమ్మ మాత్రమే మిగిలింది, అదీ ఏటీఎం బొమ్మ. డెల్టా పిల్లలకి చెరువూ, లాకూ, రైస్ మిల్లూ ఇచ్చి గీయించమనండి, దించడానికి సీనియర్ రికార్డు ఉండదు, ఇంటికెళ్ళి అడగాల్సిందే.

గచ్చిబౌలిలో భీమవరం:
అన్నా బాగా చెప్పావ్, కానీ నువ్వు చెప్పిన రెండూ డేటాబేస్ టేబుల్స్ వేసుకున్నా తెలుస్తాయి. చెరువు టేబుల్, పంట టేబుల్, లీజు టేబుల్, మధ్యలో ఒక టేబుల్‌ని ఇంకోదానితో కలిపే ఫారిన్ కీలు. డీబీఎంఎస్ (డేటాబేస్) సబ్జెక్టులో ఈఆర్ డయాగ్రమ్, అంటే టేబుల్స్ మధ్య సంబంధాల బొమ్మ, ఎలాగూ చెప్తారు, మళ్ళీ అదే పనికి ఓఓఏడీ అని ఇంకో సబ్జెక్ట్ ఎందుకు?

ఉండి కాలవగట్టు:
టేబుల్ ఏది ఎక్కడ ఉందో చెప్తుంది, పని ఎవరు చెయ్యాలో చెప్పదు. ఇవాళ మేత ఎన్ని కేజీలు వెయ్యాలి అన్న లెక్క తీసుకో. చెరువులో ఉన్న మొత్తం బరువు అంచనా వెయ్యాలి. వల విసిరి తీసిన శాంపిల్‌లో కేజీకి 50 వచ్చాయంటే కౌంటు 50, అంటే ఒక్కోటి 20 గ్రాములు. వదిలిన పిల్లలో ఎంత శాతం బతికుందో వేసి, మధ్యలో పార్షియల్ పట్టుబడి (కొన్ని రొయ్యలే పట్టడం) పట్టి ఉంటే అది తీసేసి, అప్పుడు వస్తుంది లెక్క. ఈ లెక్క ఎవరు చెయ్యాలి? నేను చూసిన యాప్‌లలో ఎక్కువ వాటిలో మొబైల్ స్క్రీన్ బటన్ వెనకాల రాసేశారు, రిపోర్టులో ఇంకోసారి రాశారు, ఎస్ఎంఎస్ పంపేచోట మూడోసారి రాశారు, ఒకచోట పార్షియల్ తీసెయ్యడం మర్చిపోతే రైతుకి రెండు చోట్ల రెండు అంకెలు కనపడతాయి, ఎక్కువ అంకె నమ్మి మేత వేస్తే తినని మేత అడుగున కుళ్ళి నీళ్ళు పాడైపోతాయి. సీడ్ లెక్కా, శాంపిళ్ళూ, పార్షియల్సూ తెలిసింది పంటకి, కాబట్టి మొత్తం బరువు చెప్పే బాధ్యత పంటదే, మిగతావాళ్ళందరూ దాన్ని అడగాలంతే. ఈఆర్ డయాగ్రమ్‌లో ఈ ప్రశ్నే రాదు. సీక్వెన్స్ డయాగ్రమ్ గీస్తే వస్తుంది, ఎందుకంటే ప్రతి బాణానికీ ఎవరు ఎవర్ని అడుగుతున్నారు అని రాయక తప్పదు.

అంబాజీపేట కొబ్బరి:
దీనికి బొమ్మ కూడా అక్కర్లేదండి. 1989లో కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ సీఆర్‌సీ కార్డులు అని పెట్టారు. అట్టముక్క మీద క్లాస్ పేరు, ఎడమ పక్క దాని బాధ్యతలు, కుడి పక్క దానికి సాయం చేసేవాళ్ళు. నలుగురు కూర్చుని ఒక్కొక్కరు ఒక కార్డు పట్టుకుని ‘నేను పంటని, నన్ను బరువు అడిగారు, నేను శాంపిల్‌ని అడుగుతా’ అని ఆడితే చాలు. అట్టముక్క నిండిపోయిందంటే ఆ క్లాస్‌కి పని ఎక్కువైందని అక్కడే తెలిసిపోద్ది.

ఓఓఏడీ చెప్తున్నా (అమలాపురం వైపు):
నమస్కారమండి, నేను లెక్చరర్ని. గీతలని మరీ తీసిపారెయ్యకండి. భీమవరం బాబు గారు కోడ్‌లోకి దిగితే డిజైన్ అదే వస్తుందన్నారు, చెరువుకీ పంటకీ మధ్య గీత గీసి ఈ చివర 1, ఆ చివర స్టార్ (ఎన్నైనా అని) పెట్టమంటే, ఒక్క చెరువుకి ఎన్ని పంటలు అన్న ప్రశ్న పిల్లవాడు ఆ క్షణంలో వేసుకోవాల్సిందే, కోడ్‌లో అయితే ఆ ప్రశ్న రెండో పంటకి గానీ రాదు. మల్టిప్లిసిటీ (ఆ 1, స్టార్ గుర్తులు) లేని క్లాస్ డయాగ్రమ్‌కి నేను మార్కులు వెయ్యను. అదే అగ్రిగేషన్‌ని (ఒకటి ఇంకోదానిలో భాగం అని) చూపే ఖాళీ డైమండ్ గుర్తు దగ్గర నేను పిల్లల్ని హింసించను, అగ్రిగేషన్‌కి ఖచ్చితమైన అర్థం స్టాండర్డే ఇవ్వలేదు, గీసేవాళ్ళకి వదిలేసింది. నిండు డైమండ్ మాత్రం తెలిసి పెట్టాలి, మొత్తం పోతే భాగమూ పోతుందని దానర్థం. అన్నీ సమానంగా నేర్పడం వల్లే ఈ సబ్జెక్టు మీద విరక్తి. క్లాస్, సీక్వెన్స్, స్టేట్ (ఒకటి ఏ దశ నుంచి ఏ దశకి మారొచ్చో చూపేది), ఈ మూడు బొమ్మలూ చేతికి వస్తే మిగతావి అవసరమొచ్చినప్పుడు చూసుకోవచ్చు.

పాలకొల్లు థర్డ్ ఇయర్:
మేడం, అన్నయ్యలూ, థాంక్యూ అండి. ఒక డౌట్. మా ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మెషిన్లు) ఒక చెరువులో పట్టుబడి అయిపోగానే తీసి పక్క చెరువులో పెడతారు. ఏరియేటర్ చెరువుదా, పంటదా? ఇంకా స్టేట్ డయాగ్రమ్ దేనికి గీయాలి?

ఉండి కాలవగట్టు:
రెండూ కాదు. ఏరియేటర్ మీ నాన్నగారిది, పంటకి కొన్నాళ్ళు కేటాయిస్తారు. లీజు లాగే ‘కేటాయింపు’ అని పెట్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని. నిండు డైమండ్ పెట్టావంటే పంట రికార్డు తీసేసినరోజు ఏరియేటర్ కూడా పోయినట్టు లెక్క. స్టేట్ డయాగ్రమ్ పంటకి గీయి. తయారీ, సాగు, ముగిసింది. పార్షియల్ పట్టుబడి జరిగితే మళ్ళీ సాగులోకే రావాలి, వైట్ స్పాట్ రోగం కనబడితే సాగులోంచి నేరుగా ఎమర్జెన్సీ పట్టుబడికి పోవాలి. ముగిసిన పంటకి మేత ఎంట్రీ ఒప్పుకోకూడదు. ఈ బాణాలే రేపు నీ కోడ్‌లో చెక్‌లు.

గచ్చిబౌలిలో భీమవరం:
సెమ్ మొత్తం యూఎంఎల్‌కి పెట్టడం అనవసరం అన్న మాట మీదే ఉన్నా, ఈ థ్రెడ్‌లో పనికొచ్చినవి మూడు బొమ్మలే, దానికి రెండు వారాలు చాలు. గీసేదేదో మెర్మెయిడ్ అనే టూల్‌లో రాయి తమ్ముడూ, అది టెక్స్ట్ కాబట్టి కోడ్ పక్కనే గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచే టూల్) ఉంటుంది, 2022 నుంచి గిట్‌హబ్ సైట్ దాన్ని బొమ్మగా చూపిస్తోంది కూడా. క్లాస్ మార్చిన కమిట్‌లోనే (గిట్‌లో ఒక్కసారిగా దాచే మార్పు) బొమ్మ కూడా మార్చు, ఆ పని చెయ్యలేని రోజు బొమ్మ డిలీట్ చేసెయ్.

ఓఓఏడీ చెప్తున్నా (అమలాపురం వైపు):
రెండు వారాలు గీయడానికి సరిపోతాయి బాబూ, నాన్నగారిని అడిగి వచ్చి మళ్ళీ గీయడానికి సరిపోవు. మీ చెరువు, పంట, లీజు బొమ్మ ఇక్కడ పెట్టమ్మా, నక్షత్రం ఎటు పక్క పెట్టావో చూస్తాను.