చెస్ సలహాల్లో ఏది నమ్మాలి, ఏది వదిలేయాలి?

మియాపూర్_బంటు:
ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి ముప్పావు గంట దొరికితే గొప్ప. చెస్.కామ్ ర్యాపిడ్‌లో 1150 రేటింగ్ దగ్గర ఇరుక్కుపోయాను, ఆడేవన్నీ పది నిమిషాల గేములు. ఒకాయన ఓపెనింగుల (ఆట మొదట్లో వేసే ఎత్తుల) జోలికే పోవద్దు, పజిల్స్ చాలంటాడు. ఇంకొకాయన, పాత ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా అంతటివాడే ముందు ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన చివరి ఆట) నేర్చుకోమన్నాడు కదా అంటాడు. మూడో ఆయన లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్ కోర్సు కొంటే మూడు నెలల్లో 300 పాయింట్లు గ్యారంటీ అంటాడు, కింద కామెంట్లలో నిజంగానే పెరిగిందని జనం. ముగ్గురూ నాకంటే బాగా ఆడేవాళ్లే, ఎవరిది తప్పో చెప్పేంత ఆట నాకు రాదు. మరి తేల్చుకునేదెలా? అన్నీ కొంచెం కొంచెం చెయ్యి అని మాత్రం చెప్పకండి ప్లీజ్.

ఏడో_వరస_ఏనుగు:
ముందు ఆ 300 పాయింట్ల సంగతి చూడండి. 2024 మార్చి 1న ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) తన రేటింగులు సవరించింది. 2000 లోపు ఉన్నవాళ్లందరికీ, 2000కి ఎంత తక్కువ ఉన్నారో అందులో 40 శాతం ఒక్కసారిగా కలిపేసింది. 1200 ఉన్నవాడు తెల్లారేసరికి 1520 అయ్యాడు, ఒక్క ఎత్తు వెయ్యకుండా! ఆ నెలల్లో ఎవరు ఏ కోర్సు కొన్నా 'పనిచేసింది'. ఆన్‌లైన్‌లో ఇంకో తిరకాసు ఉంది. లీచెస్ అనే ఇంకో సైటులో కొత్త ఖాతా 1500తో మొదలవుతుంది, కింది స్థాయిలో అక్కడి నంబరు చెస్.కామ్ నంబరు కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది, కాబట్టి సైటు మారినా ఎదిగినట్టే కనిపిస్తుంది. పైగా వరసగా ఓడి విసుగొచ్చినప్పుడే కదా మనం కోర్సు కొనేది, ఆ తర్వాత రేటింగ్ తన మామూలు చోటికి తిరిగొస్తే పేరు కోర్సుకి పోతుంది. కొని ఏమీ పెరగనివాడు కామెంట్ పెట్టడు.

నేను చూసేది ఒక్కటే. ఈ మాట ఎవరికి పనికిరాదో చెప్పేవాడే చెప్పాడా? 800 వాడికీ 1800 వాడికీ ఒకే మందు ఇచ్చేవాడి వీడియో కట్టేస్తాను.

గుర్రం_జి5:
పిల్లలకు చెస్ చెబుతుంటాను. పై ఆయన లెక్క కరెక్టే, కానీ రేటింగులు పక్కన పెట్టి మీ ఓడిన గేములు తీయండి. ఒక్కోదాంట్లో ఆట చేజారిన ఎత్తు దగ్గర ఆగి, ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టకముందే ఒక్క ముక్క రాసుకోండి, చూడలేదా, చూసి తప్పు లెక్క వేశారా, టైం లేదా, ఏం చేయాలో తోచలేదా అని. ఏ సలహా వచ్చినా ఆ కాగితం పక్కన పెట్టి చూడండి. గుర్రం ఊరికే పోతున్నా గమనించనివాడికి ఏనుగు ఎండ్‌గేమ్ పాఠం దేనికి?

అలాగని ఓపెనింగులు అసలే వద్దనడం కూడా గుడ్డి మాటే. ఇటాలియన్ అనే ఓపెనింగ్‌లో నల్లవాడు గుర్రం ఎఫ్6కి తెస్తే తెల్లవాడు నాలుగో ఎత్తుకే గుర్రాన్ని జి5కి దూకిస్తాడు, గురి ఎఫ్7 మీద. నల్లవాడు బంటుని డి5కి తోస్తాడు, తెల్ల బంటు కొడుతుంది. అక్కడ చెయ్యి వెంటనే గుర్రంతో తిరిగి కొట్టడానికే పోతుంది. కొడితే తెల్లవాడు ఎఫ్7లో గుర్రాన్ని బలిచ్చి, మంత్రితో చెక్ చెప్పి రాజుని ఇ6 దాకా లాగుతాడు. కొట్టకుండా ఇంకో గుర్రాన్ని ఎ5కి జరిపి బిషప్‌ని తరమాలని ఎవరైనా చెబితే తప్ప ఆ స్థాయిలో బోర్డు మీద తట్టదు. పదే పదే ఇదే తింటున్నవాడికి ఆ అయిదు నిమిషాల ఓపెనింగ్ పాఠం, వారం పజిల్స్ కంటే మేలు.

రాత్రి_బ్లిట్జ్:
ఇంజిన్ ముట్టుకోకపోవడమే మంచిదన్నా. గుకేశ్‌ని కూడా వాళ్ల కోచ్ విష్ణు ప్రసన్న చాలాకాలం ఇంజిన్ లేకుండానే తయారుచేశాడు.

గుర్రం_జి5:
పక్కన కూర్చుని తప్పు చూపించడానికి గ్రాండ్‌మాస్టర్ ఉన్నాడు కాబట్టి చెల్లింది తమ్ముడూ. రాత్రి పదింటికి ఈయన పక్కన ఎవరున్నారు? ముందు సొంతంగా ఆలోచించి, తర్వాత ఇంజిన్‌తో సరిచూసుకుంటే చాలు.

మియాపూర్_బంటు:
కూర్చుని చూశానండీ. గుర్రాలూ బిషప్‌లూ ఊరికే ఇచ్చినవి ఉన్నాయి, కానీ దాదాపు అన్నీ గడియారంలో రెండు నిమిషాల లోపు ఉన్నప్పుడే. ఓపెనింగ్‌లోనే ఆలోచిస్తూ సగం టైం తగలేస్తున్నాను. ఈ మాట ఏ వీడియోలోనూ వినలేదు. 15+10కి (పదిహేను నిమిషాలు, ఎత్తుకి పది సెకన్లు అదనం) మారదామనుకుంటున్నా, రాత్రిపూట గేమ్ దొరుకుతుందా?

ఏడో_వరస_ఏనుగు:
దొరుకుతుంది. కాకపోతే ముప్పావు గంటలో ఒక్క గేమే పడుతుంది, రెండోది మొదలుపెట్టకండి, మిగిలిన టైంలో అదే గేమ్ చూసుకోండి. లండన్ కోర్సు డబ్బులు ఇంకా కట్టలేదుగా?

మియాపూర్_బంటు:
కార్ట్‌లో ఉంది. తీసేస్తున్నా.