పడకగదిలో ఆఫీసు టేబుల్ ఉండొచ్చా?

రెండోషిఫ్ట్: మాది కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఫ్లాట్. ఒకదాంట్లో అత్తయ్య, మామయ్య, బాబు. ఇంకోదాంట్లో మేం, మా ఆయన ఆఫీసు. అమెరికా కాల్స్ రాత్రి పదకొండు దాకా సాగుతాయి. నేను మొహం మీద దుప్పటి కప్పుకుని పడుకుంటా. టేబుల్ హాల్లోకి మారుద్దామంటే అక్కడ సీరియళ్ళు. ఏం చేయమంటారు?

నిద్రప్రియ: తీసేయండి. పడకగది పడుకోవడానికే. 1972లోనే రిచర్డ్ బూట్‌జిన్ అనే అమెరికా మనస్తత్వవేత్త నిద్ర పట్టనివాళ్ళకి ఈ మాటే చెప్పాడు. మంచమెక్కాక నిద్ర రాకపోతే లేచి ఇంకో గదిలోకి వెళ్ళాలి, కళ్ళు మూతలు పడుతుంటేనే తిరిగి రావాలి. నిద్రలేమికి డాక్టర్లు ఇప్పటికీ వాడే పద్ధతే ఇది.

మేడమీద: ఇంకో గదా? ఎక్కడుందండీ అది? తెలంగాణ ప్రభుత్వం కట్టిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు మొత్తం 560 చదరపు అడుగులు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం రెండో గది 7.5 చదరపు మీటర్లుంటే చాలు, అంటే 80 అడుగులు. అందులో అయిదు బై ఆరున్నర మంచం వేసి, బీరువా పెడితే తలుపు తీయడానికే పక్కకి జరగాలి. వానాకాలంలో మా బట్టలు ఆరేదీ అక్కడే, కిటికీ ఊచల నుంచి బీరువా పిడికి తాడు కట్టి. అయినా మా అమ్మమ్మ వాళ్ళింట్లో పడకగది నిండా ధాన్యం బస్తాలు, ట్రంకుపెట్టెలు, ఆవకాయ జాడీలే. మనుషులు పడుకునేది వసారాలో, ఎండాకాలమైతే డాబా మీద. గది నిద్రకే అనేది గదులు ఎక్కువున్నవాళ్ళ మాట.

నిద్రప్రియ: వసారా ఉంది కాబట్టి సరిపోయింది. ఈవిడకి అదీ లేదు కదా! సరే, గది సంగతి వదిలేస్తా. బూట్‌జిన్ పట్టింపు ముఖ్యంగా మంచం మీదే. టేబుల్ ఉంటే ఉండనీండి, ల్యాప్‌టాప్ మాత్రం మంచమెక్కకూడదు.

మేడమీద: ఇదైతే ఒప్పుకుంటా. కానీ ఆవిడ బాధ ఆయన నిద్ర గురించి కాదు, లైటు, మాటల గురించి. మంచం దిగినా అవి ఆగవుగా. హెడ్‌ఫోన్స్‌తో సగమే తీరుతుంది, మాట్లాడేది ఆయనే కాబట్టి. తొమ్మిదిన్నరకి హాల్లో టీవీ కట్టేస్తే టేబుల్ అక్కడికి పోతుంది. అడగాల్సింది అత్తగారిని.

రెండోషిఫ్ట్: అత్తయ్యని నేనడగాలా? బాగుంది. అసలు టేబుల్ ఉన్నా ఆయన మంచం మీదే కూర్చుంటారు. కుర్చీ మీద మడతపెట్టని బట్టలుంటాయి.

నిద్రప్రియ: ముందు ఆ బట్టలు ఆయన చేతే మడతపెట్టించండి.

రెండోషిఫ్ట్: చెప్పా. బీరువాలో చోటు లేదట.